మగ్గం గుంట చెక్క వికెట్టయిన కథ

ఇటుకలతో పెట్టిన వికెట్టు మళ్లీ కూలింది. బంతి తగిలి కాదు, గాలికి.

"గిదేం వికెట్టే? గాలి సుత మనల్ని ఔట్ చేస్తాంది!" అంది మల్లిక.

"జర ఆగు" అని శ్రీలత ఇంట్లోకి పరుగెత్తింది.

శ్రీలత బాపు రాంచందర్ చీరలు నేస్తాడు. మగ్గం కింద నడుములోతు గుంట ఉంటుంది. అందులో కాళ్లు పెట్టి, అడుగున ఉన్న కర్రలు తొక్కుతూ నేయాలి. చాయ తాగడానికి లేచినప్పుడల్లా బాపు ఆ గుంట మీద పొడవాటి చెక్క కప్పి పోతాడు.

ఆ చెక్క వికెట్టు కోసమే పుట్టినట్టుంది!

బాపు చాయకు పోయిన అదను చూసి శ్రీలత దాన్ని లాగేసింది. గుంట కనబడితే బాపు తిడతాడని పైన చాప పరిచింది. ఎంత తెలివో చూడండి! పూర్వం పులిని పట్టడానికి గుంట తవ్వి ఆకులు కప్పేవారట. ఆ వేటగాళ్లు చూస్తే శ్రీలతకు దండం పెట్టేవారు.

ఆట జోరందుకుంది. శ్రీలత కొట్టిన సిక్సరు చిట్యాల హైవే మీద హైదరాబాద్ బస్సెక్కి వెళ్లిపోయిందని మల్లిక ఇప్పటికీ చెబుతుంది. నేనైతే నమ్ముతాను.

అంతలో ఇంట్లోంచి "కొక్కొరొక్కో!" అని ఒకటే కేక.

"శ్రీలతా! పుంజేడ పోయిందే? అరుపు భూమిలకెల్లి వస్తాంది!" అని అరిచింది వంటింట్లోంచి అవ్వ.

పిల్లలంతా పకపకా నవ్వారు. శ్రీలత నవ్వలేదు. పుంజు ఎటు పోతే తమ్ముడు అరుణ్ అటే పోతాడు. వాడికి ఈమధ్యనే నడక వచ్చింది.

బ్యాటు పారేసి ఉరికింది.

చాప గుంటలోకి జారిపోయింది. అరుణ్ అంచున నిలబడి, లోపలికి వంగి, "కొక్కో, దా!" అంటున్నాడు. ఒక కాలు గాల్లో ఉంది.

శ్రీలత ఒక్క దూకు దూకి వాడి నిక్కరు పట్టి లాగింది. ఎలాస్టిక్ సాగింది. ఇంకా సాగింది. జడ్చర్ల దాకా సాగుతుందేమో అనిపించింది. చివరికి ఇద్దరూ వెనక్కి పడ్డారు. నిక్కరు అక్క చేతిలో మిగిలింది. కొత్త ఆటేదో అనుకుని అరుణ్ కిలకిలా నవ్వాడు.

అప్పుడే వచ్చిన బాపు గుంటలోకి చూశాడు. పుంజు తొక్కుడు కర్రల మధ్య ఇరుక్కుని గింజుకుంటోంది.

"గా కర్రల మీద వీని తల పడితే ఏమైతుండె బిడ్డా?" అన్నాడు మెల్లగా.

తిట్టలేదు. అందుకే శ్రీలతకు ఏడుపొచ్చింది.

మరుసటి ఆదివారం ఆట మల్లిక ఇంటి ముందు. బంతి ఇంట్లోకి పోయింది. తేవడానికి వెళ్లిన శ్రీలత ఎంతకీ రాలేదు. మల్లిక వెళ్లి చూసింది.

మల్లిక నాయిన ఎల్లస్వామి మగ్గం దిగి, ఫోన్లో మాట్లాడుకుంటూ గల్లీ చివరి దాకా పోయాడు. వాళ్లింట్లో గుంటకు అసలు చెక్కే లేదు. పక్కనే మల్లిక చిట్టి చెల్లె పాకుతోంది. శ్రీలత ఆ పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నీ బ్యాటింగ్ వచ్చిందే! లే!"

"నా బ్యాటింగ్ నువ్వే చెయ్యి. ముందుగాల మీ నాయినను పిలువు. వచ్చేటప్పుడు ఒక చెక్క తెమ్మను."

"గాయన ఫోన్ పట్టిండంటే పొద్దుగూకుతది!"

"గూకనియ్."

శ్రీలత బంతిని కిటికీలోంచి బయటికి విసిరింది. తను మాత్రం కదల్లేదు.