లింబాయత్ షెడ్డులో పెడల్ తొక్కినవాడు

లింబాయత్‌లో వలసొచ్చిన తెలుగువాళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే సందు చివర ఉన్న ఆ కారు షెడ్డంటే పట్టపగలే జనం తప్పుకుని నడిచేవారు. కరోనాతో పోయిన మగ్గాల యజమాని సేఠ్ దగ్గరి డ్రైవర్ ఆగయ్య అందులోనే తిరుగుతున్నాడని... రాత్రిళ్లు దగ్గుతాడని... మనుషులంటేనే మనుషులకి భయం పట్టుకున్న రోజులు, ఇక దెయ్యమంటే చెప్పాలా!

రెండో వేవ్‌లో ఓ రాత్రి మెకానిక్ పరమేశ్ అందులోకి వెళ్లాడు. అతను చెప్పగా విన్నదే ఇది.

వెళ్లక ఏం చేస్తాడు? ఇంట్లో భార్య మంగకి ఊపిరి అందడం లేదు. అంబులెన్సు ఫోను ఎవరూ ఎత్తరు. దగ్గు వినగానే ఆటోవాళ్లు మాయం. మిగిలింది ఒక్కటే — సేఠ్ ముచ్చటపడి ఆ షెడ్డులో దాచుకున్న తాతలనాటి మోటారు కారు. దాని కడ్డీ బ్రేకులు పీకేసి హైడ్రాలిక్ బ్రేకులు బిగించింది పరమేశే. ఆయిల్ పోశాడు గానీ, లాక్‌డౌన్ వచ్చి పైపుల్లో గాలి తీయడం మిగిలిపోయింది. గాలి ఉంటే పెడల్ మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు.

ఆ పనికి ఇద్దరు కావాలి. లోపల ఒకరు పెడల్ తొక్కిపట్టాలి, చక్రం దగ్గర ఒకరు నట్టు విప్పాలి. ఎందరిని బతిమాలాడో! అందరూ తలుపు సందులోంచే తల అడ్డంగా ఊపారు.

ఒక్కడే చక్రం పక్కన పడుకున్నాడు. "జర ఓర్చుకో మంగా..." అని గొణుక్కుంటూ, ఏళ్ల అలవాటుకొద్దీ, లోపల ఎవరూ లేరన్నది మరిచి అరిచాడు.

"తొక్కు!"

పైన... పెడల్ కిర్రుమంది.

పరమేశ్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. పారిపోదామనుకున్నాడు. మంగ గుర్తొచ్చింది. నట్టు విప్పాడు — బుడబుడమంటూ బుడగలు! మళ్లీ బిగించి, "ఇడువు" అన్నాడు.

పెడల్ పైకి లేచింది.

దెయ్యమైతే అయింది, పని తెలిసిన దెయ్యం! ఏడుస్తూనే నాలుగు చక్రాలూ పూర్తిచేశాడు.

అప్పుడు లోపల్నుంచి... దగ్గు.

"అయిందా... పరమేశన్నా?"

టార్చి కొట్టాడు. స్టీరింగ్ వెనక ఎముకల గూడులా ఆగయ్య.

"నువ్వు... సచ్చినవ్ గదరా!"

"సావలే అన్నా, దవాఖానోళ్లు తప్పు కబురు పంపిన్రు. జల్ది ఎక్కు... ఒదినెను తీస్కపోదాం."

బండి ఆగయ్యే నడిపాడు. వంతెన దిగువన బ్రేకు గట్టిగా పట్టింది. వేళకి ఆక్సిజన్ అంది మంగ బతికింది.

ఆసుపత్రి మెట్ల మీద పరమేశ్ అడిగాడు — "బతికొచ్చినోనివి మా ఇంటికి రావద్దారా? గా షెడ్డుల ఉండుడేంది?"

ఆగయ్య మెట్టు మీద కూలబడ్డాడు.

"అచ్చిన అన్నా. దవాఖాన నుంచి సీదా మీ ఇంటికే అచ్చి తలుపు కొట్టిన. లోపట్నుంచి నువ్వే... దయ్యం, దయ్యం అని ఒర్రినవ్."