నిమిషానికి నలభై

“గిది సీసానా, డప్పానా?”

ఊర్మిళ అరుపుకు సాంసన్ ఉలిక్కిపడ్డాడు. అతని చేతిలోని గాజు సీసా అప్పుడుగానీ ఆగలేదు.

జనగామ శివారులో పశువుల టీకాలు తయారుచేసే చిన్న ల్యాబ్ అది. ఇద్దరూ అక్కడే పనిచేస్తారు. సీసాలోని ఎర్రటి ద్రవంలో ఇసుక రవ్వలంత పూసలు, వాటిని అంటుకుని కణాలు. మోటారు వాటిని నిమిషానికి నలభై చుట్లు తిప్పాలి. ఆగితే అడుగున పేరుకుని ఊపిరాడక చస్తాయి. జోరుగా తిప్పితే ద్రవం ఒరిపిడికే చిరిగిపోతాయి.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. గనుల్లో బొగ్గు ఆగింది, కరెంటు గంటలకొద్దీ పోతోంది. అందుకే సాంసన్ సీసాను చేత్తో తిప్పుతున్నాడు. అంతలో ఎదుటి దీక్షా శిబిరంలో ఎవరో డప్పు మోగించారు. రోజూ సాయంత్రం అక్కడ డప్పు కొట్టేది అతనే. ఆ చెయ్యి ఊరుకుంటుందా? దరువు అందుకుంది.

మైక్రోస్కోపులో చూస్తే కణాలన్నీ తునకలే. మూడు వారాల కష్టం.

“జర సోయి లేదా? నువ్వు ముట్టుకున్నది ఏదీ బతకది!”

“నిజమే,” అన్నాడు సాంసన్ తల దించుకుని.

మర్నాడే భూపాలపల్లి వెళ్లిపోయాడు. గని కార్మికుడైన అతని బాపు అక్కడ సమ్మెలో ఉన్నాడు.

మాట ఎంత లోతుగా దిగిందో అతను వెళ్లాక గానీ ఊర్మిళకు తెలియలేదు. మహబూబాబాద్ దగ్గరి తండా పిల్ల. ఒకరి చేత మాట పడదు, అన్న మాట వెనక్కి తీసుకోవడం అంతకన్నా రాదు. ‘ఎట్లున్నవ్?’ అని మెసేజ్ రాసి చెరిపేసేది. వాన పడితే కిటికీ దగ్గర నిలబడేది. అటు చూస్తే పత్తి మార్కెట్ గోడ తప్ప ఏమీ కనిపించదు. అయినా చూసేది.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం మళ్లీ కరెంటు పోయింది. ఊర్మిళ కొత్త సీసా చేతిలోకి తీసుకుందో లేదో, శిబిరంలో డప్పు మొదలైంది. పళ్లు బిగించింది.

ఒక దెబ్బ. కాస్త ఆగి, ఇంకో దెబ్బ.

గడియారం చూసింది. నిమిషానికి సరిగ్గా నలభై.

బయట శిబిరంలో కూర్చున్న కొమురవ్వ గొంతు వినిపించింది. “ఏం దరువు బిడ్డా గిది? గిట్ల కొడితే ఉద్యమం నిద్రపోతది!”

“కరెంటొచ్చేదాక గింతే అవ్వా. లోపల పానాలున్నయి.”

ఆ గొంతు! ఊర్మిళ కళ్లు నిండాయి. సీసా తిప్పే చెయ్యి మాత్రం లయ తప్పలేదు.

గంటన్నరకు కరెంటొచ్చింది. సీసాను మోటారు మీద పెట్టి శిబిరానికి పరుగెత్తింది. డప్పుతో సాంసన్. మోకాళ్లదాకా బురద. పక్కన సైకిల్.

“భూపాలపల్లి నుంచి సైకిల్ మీదనా? పిచ్చా నీకు?”

“బస్సులు లేవు గద. రెండు రోజులు పట్టింది.”

“మరి లోపలికెందుకు రాలే?”

“ముట్టుకుంటే బతకదన్నవ్.”

“కోపంల అన్న,” అంది ఊర్మిళ. “నువ్వు లేక పద్దెనిమిది రోజులు నాకే ఊపిరాడలే.”

అని చెయ్యి చాపింది. “ముట్టుకో. బతుకుతనో సస్తనో సూద్దాం.”

సాంసన్ అరచేతిని చొక్కాకు రెండుసార్లు తుడుచుకుని ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“కరెంటొచ్చింది గదరా! ఇగ జోరుగ కొట్టు!” అంది కొమురవ్వ.

డప్పు ఇంకెవరో అందుకోవాల్సి వచ్చింది. అతని చెయ్యి ఖాళీగా లేదు.