బలం సూది

“బొగ్గుబావి కార్మికులు ఇద్దరు వారంలో పోయారు. ఏ జబ్బూ లేని దుక్కల్లాంటి మనుషులు,” అన్నాడు చీఫ్. కరీంనగర్ ఆఫీసులో ఫ్యాన్ తిరుగుతున్నా ఏజెంట్ అంబదాస్‌కు చెమట పట్టింది.

“బెల్లంపల్లిలో డాక్టర్ వెర్నర్ హెల్త్ క్యాంప్ నడుపుతున్నాడు. ఆరోగ్యవంతులకు ఇన్సులిన్ ఇస్తున్నాడు. దాంతో కండ పెరుగుతుందని తేలితే ఫార్ములాను విదేశీ సైన్యానికి అమ్ముతాడు. నర్సు సరోజన మన ఏజెంట్. వాళ్ల ఏజెంట్ కూడా కావచ్చు. జాగ్రత్త.”

శనివారం పొద్దున్నే అంబదాస్ కాంపౌండర్ వేషంలో క్యాంపులో ఉన్నాడు. జేబులో పెన్ను కెమెరా. కళ్లు మాత్రం సరోజన మీద.

“తిన్నవా మొగిలన్నా?” వరసలో ముందున్న కార్మికుణ్ని అడిగింది సరోజన.

“తిన్న సిస్టర్,” అన్నాడు మొగిలి నవ్వుతూ.

రిజిస్టర్‌లో ‘భోజనం అయింది’ అని ఎక్కింది. “డబుల్ డోస్!” అంటూ వెర్నర్ నరంలోకి సూది దించాడు. మొగిలి చేయి దులుపుకుని బావి వైపు నడిచాడు.

అప్పుడు గుర్తొచ్చింది అంబదాస్‌కు, మొగిలి నుదుట నామం! శనివారం ఒక్కపొద్దు! ఈ ప్రాంతంలోనే, బోథ్‌లో పుట్టిన తనకు వేరే చెప్పాలా? పరాయిచోట ‘తినలే’ అంటే అన్నం అడిగినట్టే. కడుపు కాలుతున్నా ‘తిన్న’ అనే అంటారు. ఉన్న కండను ఇన్సులిన్ కరగనివ్వదు, నిజమే. కొత్త కండ కట్టాలంటే మాత్రం తిన్న తిండిలోని మాంసకృత్తుల సారం రక్తంలో ఉండాలి. ఖాళీ కడుపున ఈ డోసు పడితే చక్కెర పడిపోయి మనిషి పోతాడు. ఆడదాని అందం చూస్తూ నిలబడ్డందుకు తనను తానే తిట్టుకుని గ్లూకోజ్ డబ్బా లాక్కుని పరుగెత్తాడు.

“ఆగు!” వెర్నర్ పిస్టల్ తీశాడు. అంతకంటే ముందే సరోజన పిస్టల్ వెర్నర్ కణతకు ఆనింది. “మీరు పోండి!” అంది అంబదాస్‌తో.

బావిలోకి దిగే లిఫ్టు దగ్గర మొగిలి వణుకుతూ కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. గ్లూకోజ్ నోటి దగ్గర పెడితే పళ్లు బిగించాడు.

“ఒక్కపొద్దు ఉన్న... నోట్లె ఏం బెట్టద్దు.”

“దేవునికి నేను జెప్పుకుంట! జర మింగన్నా, నీ కాళ్లు మొక్కుత!”

మొగిలి చూపు తేలిపోతోంది. చివరికి గుటక పడింది. ఇంకో గుటక. పది నిమిషాలకు కళ్లు తెరిచాడు. అంబదాస్ అక్కడే కూర్చుని ఏడ్చేశాడు.

వెర్నర్‌ను పోలీసులకు అప్పగించాక, సాయంత్రం ఫోన్‌లో చీఫ్ అడిగాడు: “ఫార్ములా?”

“చిత్తు కాగితం సార్. అందరూ తిన్నారనే రాసుకున్నాడు.”

“చనిపోయినవాళ్లు?”

అంబదాస్ రిజిస్టర్ తిప్పాడు. రెండు పేర్ల ఎదురుగా ‘భోజనం అయింది.’

“వాళ్లూ మర్యాదస్తులే సార్.”