హల్ఫోన్ గారింట్లో మాయమైన ప్రార్థన పత్రం

యూదుల పస్కా పండుగ ఇంకా మూడు రోజులుందనగా, జెరూసలేములో అపరాధ పరిశోధకురాలు పెనీనా తలుపు తట్టిన ఉరియేల్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“నేను దొంగను కానమ్మా! సాయంత్రం గ్రంథాలయం వాళ్లకు నా పేరే చెబుతానంటున్నారు గురువుగారు.”

గురువు హల్ఫోన్ ప్రాచీన యూదు గ్రంథాల పండితుడు. తొమ్మిది వందల ఏళ్లనాటి ప్రార్థన పత్రాన్ని గ్రంథాలయం ఆయనకు మాట మీద ఇచ్చింది. ఇప్పుడు అట్ట ఉంది, లోపల పత్రం లేదు. ఆయన గదిలోకి వెళ్లే చనువు శిష్యుడు ఉరియేల్ ఒక్కడికే ఉంది.

పెనీనా సహాయకుడు గెర్షోన్, పదవీ విరమణ చేసిన పోస్ట్‌మాన్, తింటున్న బన్నుతోనే బయలుదేరాడు. పండితుడి గుమ్మంలో ఆయన భార్య ఫోర్తూనా చీపురు అడ్డం పెట్టింది.

“అది పారేసి రా అన్నయ్యా! వారం నుంచి నడుం విరిగేలా తుడుస్తున్నాను, నువ్వు ముక్కలు రాల్చడానికా?”

గెర్షోన్ ఉన్నదంతా గుటుక్కున మింగేశాడు. వరండాలో పుస్తకాలు రెక్కలు విప్పుకుని ఎండకు నిలబడి ఉన్నాయి.

లోపల పెనీనా పండితుణ్ణి అడిగింది. “నిన్న ఏం చేశారు?”

“ఆ పత్రాన్ని మన ప్రార్థన పుస్తకంతో పంక్తి పంక్తీ పోల్చాను.”

“ఏమైనా తింటూనా?”

“బిస్కెట్లు. దానికీ దీనికీ ఏం సంబంధం?”

“ఫోర్తూనమ్మా, ఆయన బల్ల మీరు ముట్టుకున్నారా?”

“ముట్టుకుంటే బతకనిస్తాడా? హాల్లో పుస్తకాల అలమర వరకే నా రాజ్యం.”

పెనీనా అందరినీ వంటింట్లో కూర్చోబెట్టింది. గెర్షోన్ రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

“దొంగతనం జరగలేదు. పండితులవారు పత్రాన్ని ప్రార్థన పుస్తకంలోనే ఉంచి మూసి, అలమరలో పెట్టేశారు. పండుగకు ఇంట్లో పులిసిన పిండి పొడి కూడా ఉండకూడదని, ఫోర్తూనమ్మ పొద్దున పుస్తకాలన్నీ దులిపారు. బిస్కెట్ పొడితో పాటు ఇంకేం రాలిందమ్మా?”

ఫోర్తూనా గుండె మీద చెయ్యి వేసుకుంది. “చిరుగు కాగితం... దేవుడి పేరుంది. చెత్తలో ఎలా వేస్తాను? ముద్దు పెట్టుకుని, మందిరంలో పాత పవిత్ర కాగితాల సంచిలో వేసొచ్చాను. వాటిని ఈ మధ్యాహ్నమే మర్యాదగా భూమిలో పాతిపెడతారు!”

అందరూ పరుగందుకున్నారు. మందిరం కాపరి సంచులను అప్పుడే బండికెక్కిస్తున్నాడు. నాలుగో సంచిలో పత్రం ఉరియేల్ చేతికి తగిలింది.

“క్షమించరా అబ్బాయ్,” అన్నాడు హల్ఫోన్ తలవంచి. “మతిమరుపు నాది, నింద నీ మీద వేశాను.”

ఫోర్తూనా భర్త వైపు తిరిగి కళ్లు ఒత్తుకుంది. “నీ ప్రాణాన్నే పాతిపెట్టబోయానే!”

“ఏడవకే. ఆ కాలంలో నీలాంటి ఇల్లాలెవరో చెత్తలో వేయకుండా దాచబట్టే నాకు చదువుకోవడానికి దొరికింది.”

గెర్షోన్‌కు సందేహం వచ్చింది. దేవుడి పేరును దాచడం భక్తా, తీసి పరిశోధించడం భక్తా?

నలభై ఏళ్లలో భర్త పోల్చిన పత్రాల్లో ఒక్కదాన్నైనా ప్రార్థనగా చదవగా ఫోర్తూనా వినలేదు. ఆ వేళ బండి పక్కన నిలబడి, దుమ్ము చేతులతోనే, హల్ఫోన్ ఆ పత్రాన్ని గొంతెత్తి చదివాడు. కాపరి సంచి కింద పెట్టి ‘ఆమెన్’ అన్నాడు.