తిమ్మప్ప బోరు గొంతు

పుంగనూరు దాటి మదనపల్లి దోవ పట్టినాక, తిమ్మప్ప బోరు దగ్గర రాత్రిపూట ఎవురూ సైకిల్ దిగరు. చైన్ ఊడినా సరే... సైకిల్ని నెత్తికెత్తుకొని పరిగెత్తాల్సిందే.

ఎనబై మూడు కరువులో వేసిన బోరు అది. చుక్క నీళ్లు పడలేదు. నోరు తెరుసుకున్న ఆ ఇనప పైపు పక్కనే తిమ్మప్ప గుండె పట్టుకొని కూలిపోయినాడంట. అప్పట్నించీ గాలి లేస్తే చాలు — ఊఁ... ఊఁ... అని ఏడుపు.

రెండేండ్లు ఓర్సుకున్నారు ఊరోళ్లు. తెల్లారితే ఊరి పెద్ద లక్ష్మీపతి బండెడు రాళ్లు తెచ్చి ఆ నోరు పూడ్చేస్తాడు.

తిమ్మప్ప మనవడు ముద్దుకృష్ణ. తిరుపతిలో ఎమ్మెస్సీ చదివి, పైపుల్లో గాలి యాల మోగుతుందని పరిశోధన చేస్తాండాడు. ఆ సాయంత్రమే బస్సు దిగినాడు. ఏడుపు విని ఉలిక్కిపడినాడు... భయంతో కాదు. పోయినేడాది కన్నా గొంతు సన్నబడింది!

"లక్ష్మీపతి మామా, బిందె నిండేకొద్దీ సప్పుడు సన్నబడదా? పైపూ అంతే. కింద నీళ్లు లేచినాయి!"

"సదువు ఎక్కువైతే ఇంతేలే. దెయ్యానికి లెక్కలు చెప్తావా?"

"చెప్తా. ఈ రాత్రికే చెప్తా."

అమాస చీకటి. తాడుకు రాయి కట్టుకొని పోయినాడు. నోరు సూత్రాలు వల్లిస్తాండాది గానీ, అడుగడుక్కీ వెనక్కి తిరిగి సూస్తాండాడు.

ఊఁ... ఊఁ...

రెండరచేతులూ పైపు మీద అదిమినాడు. ఏడుపు టక్కున ఆగింది. తీసినాడు — ఊఁ... మళ్లీ అదిమినాడు.

"సూస్తివా! గాలి! ఉత్త గాలి!" అని చీకటి మీదికి అరిచినాడు.

చేతులు పైపు మీదనే ఉండాయి...

ఏడుపు వినపడింది. వెనకనుంచి.

మెడ తిరగలేదు. "ఎ... ఎవురది?"

"నేనేరా." తిమ్మప్ప పెండ్లాం గంగులమ్మవ్వ. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉండాది. "యాల మూస్తావప్పా మీ తాత నోరు? తెల్లారితే వాళ్లు ఎట్లాగూ మూస్తారు గదా... రోజూ వచ్చి ఆ గొంతు వినే పోతాండా."

ముద్దుకృష్ణ చేతులు తీసినాడు. రాయి కట్టిన తాడు పైపులోకి వదిలినాడు. ఐదు బారలు... పది... పన్నెండు...

బుడుంగ్!

లాగితే, చివరి మూడు బారలు తడి. అవ్వ చీకట్లో తడిమి, వేలు నాలికకు రాసుకునింది.

"గొంతు మారిందని పోయిన నెలే చెప్తి. ముసల్ది కలవరిస్తాండాది అనిరి ఊరోళ్లు." గుసగుసగానే అనింది. "ఆయప్ప ఏడ్సలేదురా... పిలస్తాండాడు."

తెల్లారతానే రాళ్ల బండి వచ్చింది. అవ్వ పైపు దగ్గర్నుంచి లేవలేదు. తాడు ఇంకోసారి ముంచి, నీళ్లు కారతాంటే లక్ష్మీపతి మెడలో వేసింది.

"ఇదో నీ దెయ్యం. పిండుకో!"