చరణం దగ్గర ఆగిపోయే పాట

మా ఆఫీసు నాలుగో అంతస్తులో, మెట్ల పక్కన, ఒక చిన్న మీటింగు గది ఉంది. పగలు ఆ గది కోసం జనం కొట్టుకు చస్తారు. చీకటి పడ్డాక మాత్రం దాని ముందు నుంచి ఒక్కళ్లూ నడవరు. ఊడ్చే ఆవిడ ఆ గదిలో లైటు కూడా ఆర్పకుండా వెళ్లిపోతుంది. వాచ్‌మన్ ఆ మూలకి రాకుండానే, వచ్చి చూశానని పుస్తకంలో రాసేస్తాడు.

రాత్రి తొమ్మిదీ నలభైకి ఆ గదిలో పాట మొదలవుతుందట. పాత పాప్ పాట. పల్లవి అయి, చరణం ఎత్తుకోగానే టక్కున ఆగిపోతుందట. ఆగాక... ఒక మగగొంతు మాట్లాడుతుందట.

నేను సాయంత్రం ఆరు కొట్టగానే ఇంటికి చేరే రకం, ఏనాడూ వినలేదు. పైగా నాకు దెయ్యాలంటే భయం లేదు లెండి. పదమూడేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నా, మేనేజర్లకి భయపడటానికే టైము చాలట్లేదు. కానీ ఇది నాకు చెప్పినవాడు టేపురికార్డరు. వాడు అబద్ధమాడడు... వాడికి అది చేతకాదు.

టేపురికార్డరంటే నా పక్క సీటువాడు. మేం పెట్టిన పేరే. కాలేజీ రోజుల పాటలు తప్ప ఇంకేవీ వినడు. మంచి పాటలు రావడం తనకి ఇరవై ఏళ్లప్పుడే ఆగిపోయిందని వాదిస్తాడు. "మారింది పాటలు కాదురా, నీ వయసు" అన్నానంటే రెండు రోజులు నాతో మాట్లాడడు.

పోయిన నెల పాత ఫోన్ సిస్టం — బయట ఉన్నవాళ్లు ఫోన్ చేసి మీటింగులో కలిసే లైను — తీసేసే పని వాడికి పడింది. రాత్రి పదింటికల్లా అందులో ఉన్నదంతా చెరిపేయాలి. చెరిపితే ఇక తిరిగి రాదు. దానికి తగిలించిన ఫోను ఒక్కటే మిగిలింది — ఆ గదిలో, బల్ల మీద.

తొమ్మిదిన్నరకి ఒక్కడే వెళ్లాడు. తలుపు దగ్గరున్న కుర్చీ చూడగానే మనసు చివుక్కుమంది. అది పెద్దన్న కుర్చీ. పెద్దన్న మా టీం లీడరు, వీడికి పని నేర్పినాయన. రెండేళ్ల కిందట, ఆఫీసుకి బయల్దేరబోతూ గుమ్మంలోనే కుప్పకూలిపోయాడు. వదినని పలకరించడానికి అందరం వెళ్లాం. వీడు వెళ్లలేదు. ఆమె ముందు ఏడ్చేస్తానని భయం. రేపు వెళ్తా, రేపు వెళ్తా అంటూనే రెండేళ్లు గడిపేశాడు. ఇక ఏ మొహం పెట్టుకుని వెళ్లను అని నా దగ్గర బాధపడేవాడు.

తొమ్మిదీ నలభై.

ఫోను మీద పచ్చదీపం వెలిగింది. ఎవరూ ముట్టుకోలేదు.

పాట... మెల్లగా మొదలైంది. వాడికి ప్రాణమైన పాటే. పదేళ్ల కిందట ఆ లైనులో అది పెట్టిందీ వాడే. అయినా ఒళ్లంతా చెమట పట్టింది. పల్లవి అయింది... చరణం ఎత్తుకుంది...

టక్.

"నేనొచ్చేశా."

పెద్దన్న గొంతు. పక్కన నిలబడి అన్నట్టే ఉంది.

ఆ తర్వాత ఊపిరి... ఎవరో నెమ్మదిగా ఊపిరి తీస్తున్నారు.

వైరు పీకేద్దామని చెయ్యి చాపాడు. పీకేస్తే వచ్చిన పనీ అయిపోతుంది. కానీ పీకలేకపోయాడు.

"అన్నా..." అన్నాడు, గొణిగినట్టు.

ఊపిరి ఆగింది. తర్వాత — ఆడగొంతు, వణుకుతూ.

"అక్కడ... ఎవరూ ఉండరనుకున్నాను."

వదిన.

అప్పుడు బుర్ర వెలిగింది వాడికి. ఆ లైను వాడేవాళ్లు మొదట్లో ఒకసారి తమ పేరు చెప్పి రికార్డు చెయ్యాలి. ఫోన్ చేసి ఎవరి నంబరు నొక్కినా, కలిసేదాకా పాట వస్తుంది, కలవగానే ఆ నంబరువాళ్ల పేరు వాళ్ల గొంతుతోనే గదిలో వినిపిస్తుంది. పెద్దన్న అప్పట్లో పేరు చెప్పకుండా "నేనొచ్చేశా" అన్నాడు. ఎవరైనా ఆ లైనుకి ఫోన్ చెయ్యగానే గదిలో ఫోను దానంతటదే లేచేలా ప్రోగ్రాం రాసింది వీడే. రాసి మర్చిపోయాడు. మేం రాసినవాటిలో సగం గతి ఇంతే.

"నువ్వు టేపురికార్డరువి కదూ," అంది వదిన. "ఆయన నంబరు డైరీలో దొరికింది. రోజూ ఈ టైముకే ఇంటికొచ్చేవారు. తలుపు తోస్తూ ఇదే మాట. వీడియోలన్నీ ఆయన తీసినవే, ఒక్కదాన్లోనూ నోరు విప్పలేదు. ఆయన గొంతు నాకు ఇంకెక్కడా లేదు. తప్పయితే మానేస్తాను."

తొమ్మిదీ యాభై. వాడికి ఏడుపు తన్నుకొచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచి ఆ రికార్డింగు వెతికి పట్టుకున్నాడు. రెండు సెకన్లు కూడా లేదు. వదిన ఫోనుకి పంపాడు.

"తప్పు నాది వదినా. రేపు ఇంటికొస్తాను."

"రేపంటే రేపే రావాలి మరి," అంది. మళ్లీ తనే, "ఆయన అలా అనగానే మీరంతా ఏదో అరిచేవారట కదా. ఇంటికొచ్చి తెగ నవ్వేవారు. ఏమనేవారో ఎప్పుడూ చెప్పలేదు."

"పెట్టేసి మళ్లీ చెయ్యండి వదినా."

పెట్టేసింది. పచ్చదీపం వెలిగింది. పాట. చరణం దగ్గర టక్.

"నేనొచ్చేశా."

"ఇప్పుడా అన్నా రావడం?" అన్నాడు వాడు. ఒకప్పుడు ఎనిమిది మంది అరిచిన మాట, ఒక్కడే.

అవతల వదిన నవ్విందో ఏడ్చిందో తెలియలేదట.

"ఇంట్లో నేనూ అదే అనేదాన్నిరా," అంది.