మూత రబ్బరుకు పట్టిన వాసన

అన్యాయం ఎవరికి జరిగింది? నాగజ్యోతికి. దేని వల్ల జరిగింది? ఒక మిక్సీ జారు వల్ల. నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వుకోవాలి, తరువాత నవ్వు రాదు.

పోయిన వేసవిలో మార్కాపురంలోని వాళ్ల పక్కింటికి కృష్ణకుమారి కొడుకు నాగేంద్ర బెంగళూరు నుండి సెలవు మీద వచ్చాడు. వరసకు బావ. హోటలు బారులో పానీయాలు కలపడం అతని ఉద్యోగం. ఇంట్లో మాత్రం రిసెప్షన్ అని చెప్పుకున్నాడు. మామిడిపండ్ల జ్యూసుకని నాగజ్యోతిని మిక్సీ అడిగి పట్టుకుపోయాడు. మేడ మీద స్నేహితుల ముందు, సోడా కొట్టులో కొన్న ఐసుగడ్డలను మామిడిముక్కలతో, రమ్ముతో కలిపి గిర్రున తిప్పాడు. రాళ్లలాంటి ఆ గడ్డలకు బ్లేడు వంగిపోయింది. జారు కడిగి గుమ్మంలో పెట్టి, తెల్లవారే రైలెక్కాడు.

మూత రబ్బరుకు పట్టిన వాసన మాత్రం పోలేదు. దాన్ని మొదట పసిగట్టింది నాయనమ్మ గురమ్మ. జారు బావకు ఇచ్చానని నాగజ్యోతి ఉన్నదున్నట్టు చెప్పింది. వీధి ఆడవాళ్లందరి ముందు ఫోను స్పీకరులో పెట్టి అడిగారు. నేను చేసింది జ్యూసేనన్నాడు నాగేంద్ర.

అంతే. పిల్లే తాగిందన్నారు. ఆనాటి నుండి గురమ్మ మనుమరాలు నూరిన పచ్చడి ముట్టలేదు. ఆ వయసులో తనే రోటి ముందు కూర్చునేది. రోజూ పొద్దున్నే ఆ రోలు చప్పుడు వింటూ నాగజ్యోతి పళ్లు కొరుక్కునేది.

ఈ వేసవిలో అతడు కొత్త మిక్సీ డబ్బాతో నాగజ్యోతి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏంది మరదలా, ఇంకా కోపమేనా? దీని మోటారు పాతదానికంటే పెద్దది."

"మిక్సీ పోయిందని నేను ఏడ్చినానా? నువ్వు నాకు ఒక మాట బాకీ ఉండావు బావా. అబద్ధం విన్నోళ్లందరి ముందర నిజం చెప్పు. అంతవరకు ఈ గడప తొక్కొద్దు."

అతని ముఖం వాడింది. "నేను చేసేది బారులో పని అని అమ్మకు తెలిస్తే అన్నం మానేస్తది."

"మా నాయనమ్మ నా చేతి పచ్చడి మానేసి ఏడాదయింది."

అంతలో వాన పడింది. వీధిలో కబుర్లాడుతున్న ఆడవాళ్లందరూ, కృష్ణకుమారితో సహా, గురమ్మ వసారాలోకి పరుగెత్తారు. నాగేంద్ర డబ్బాను వసారా అంచున పెట్టి, తాను మాత్రం గడప తొక్కకుండా వానలోనే నిలబడ్డాడు.

"అమ్మా, నేను చేసేది బారు ఉద్యోగం. ఆ జారులో రమ్ము పోసింది నేను. ఫోనులో అబద్ధమాడింది నేను. జ్యోతికి ఏ పాపమూ తెలియదు."

కృష్ణకుమారికి మాట రాలేదు, చేతికి చీపురు మాత్రం వచ్చింది. ఆమెను ఎవరూ ఆపలేదు. గురమ్మ రోలు వైపు చూసింది.

"వాడు ఆ పొద్దు చేసిందేందో, మందు లేకుండా చెయ్యి" అంది. "నువ్వే చెయ్యి జ్యోతీ."

మరునాడు, ఇంకా గడప తొక్కే ధైర్యం చాలక కిటికీ అవతల నిలబడి నాగేంద్ర చెబుతుంటే, లోపల నాగజ్యోతి చేసింది. ఐసు వేయకూడదట. మామిడిముక్కలనే ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, నిమ్మరసం, పుదీనా, చల్లటి నీళ్లతో కొద్దికొద్దిగా తిప్పాలట.

"పోయినేడు ఈ తెలివి ఏమైంది?"

"పోయినేడు నువ్వు పక్క మేడ మీద బట్టలు ఆరేస్తా ఉంటివి. నువ్వు చూస్తావేమోనన్న తొందరలో పనిలో నేర్చిందంతా మర్చిపోయినా. ఇప్పటికీ నిన్ను చూస్తే అట్లనే ఉంటది."

నాగజ్యోతి గ్లాసు అంచుకు ఉప్పు అద్దుతూ తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"నా కోపం తీరలేదు బావా. తీరేదాకా బెంగళూరు పోవద్దు."

గ్లాసు తీసుకుపోయి నాయనమ్మ ముందు పెట్టింది. గురమ్మ వాసన చూడలేదు. ఒక్క గుక్క తాగి, ఆగి, అడుగువరకు తాగి, ఖాళీ గ్లాసును మనుమరాలి చేతిలో పెట్టింది.

"రేపటి నుంచి పచ్చడి నువ్వే నూరు. నా చేతులు నొస్తుండాయి."

నాగజ్యోతికి రావలసిన బాకీ పైసాతో సహా తీరింది.